సీసాలు తొడిగిన గుమ్మటం
సింగపూర్‌లో నాలుగు రోజులు

భూమిపై సంచరించమని, అల్లాహ్ సృష్టిని ఏ విధంగా ఆరంభించాడో, గతించిన జాతుల పర్యవసానం ఏమయిందో కళ్లారా చూడమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల మానవుణ్ణి పురికొల్పింది. ఒకే ఒక్క హదీసును స్వయంగా వినడానికి హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) నెల రోజుల దూరం ప్రయాణించిన సంగతి హదీసు విద్యార్థులందరికీ తెలిసినదే. నేటి ప్రయాణాలలో ఆ కష్టం లేదు. హైదరాబాదులో విమానం ఎక్కితే దాదాపు నాలుగున్నర గంటలలో సింగపూర్‌లో దిగవచ్చు. కష్టం తగ్గింది కనుక ప్రయోజనం కూడా తగ్గాలనేమీ లేదు. కొనుక్కువచ్చిన సామాను కంటే, అక్కడ చూసి నేర్చుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుంది.

మా అల్లుడు అక్కడ ఉద్యోగరీత్యా నివసిస్తున్నందున ఇటీవల కుటుంబ సమేతంగా నాలుగు రోజులు ఆ నగరంలో గడిపే అవకాశం అల్లాహ్ మాకు ప్రసాదించాడు. ఆకాశాన్నంటే భవనాలనూ, సింహపు తల, చేప దేహం గల మెర్లయన్ విగ్రహాన్నీ, సముద్రతీరపు ఉద్యానంలో యాభై మీటర్ల ఎత్తు వరకు లేచిన లోహవృక్షాలనూ అందరిలాగే మేమూ చూశాము. వాటి వర్ణన ఏ పర్యాటక పుస్తకంలోనైనా దొరుకుతుంది. ముస్లిం కుటుంబానికి ఉపయోగపడే విషయాలనే ఇక్కడ పాఠకుల ముందు ఉంచదలిచాము.

చిన్న ద్వీపం, పెద్ద కూడలి

సింగపూర్ వైశాల్యం సుమారు 730 చదరపు కిలోమీటర్లు. మన జిల్లాలలో చాలావాటికంటే చిన్నది. జనాభా మాత్రం సుమారు అరవై లక్షలు. పౌరులలోనూ శాశ్వత నివాసులలోనూ చైనీయులు దాదాపు నాలుగింట మూడు వంతుల మంది. తరువాతి స్థానం మలయులది, ఆ తరువాత భారతీయ సంతతివారిది. 2020 నాటి జనగణన ప్రకారం పదిహేనేళ్లు దాటిన నివాసులలో ముస్లిములు 15.6 శాతం. మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు నాలుగూ అధికార భాషలే. జాతీయ గీతం మాత్రం మలయ్ భాషలో ఉన్నది. 1965 ఆగస్టు 9న స్వతంత్రమైన ఈ దేశానికి తొలి అధ్యక్షుడు యూసుఫ్ ఇస్‌హాక్ అనే ముస్లిం. నేటికీ అక్కడి కరెన్సీ నోట్లపై కనిపించేది ఆయన ముఖమే.

భూమధ్యరేఖకు అత్యంత సమీపంలో ఉండడం వలన అక్కడ పగలు, రాత్రి ఏడాది పొడవునా దాదాపు సమానం. మగ్రిబ్ ఏ నెలలోనైనా సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలోనే. రమజాన్ ఏ ఋతువులో వచ్చినా ఉపవాసం నిడివి ఇంచుమించు పదమూడున్నర గంటలే. మే నెల ఎండలలో పొడుగాటి ఉపవాసాలు పాటించే మనవారికి ఇది వింతగా తోస్తుంది. ఖిబ్లా అక్కడ పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. విమానాశ్రయంలోనే నమాజు గది ఉన్నందున ప్రయాణ బడలికలో దిక్కు వెతుక్కునే శ్రమ తప్పింది.

మలయ్ ముస్లిములు షాఫయీ మస్లక్‌ను అనుసరిస్తారు. అక్కడి పట్టికలో అసర్ సమయం మనకు అలవాటైన హనఫీ సమయం కంటే ముందే మొదలవుతుంది. ఫజర్ రెండవ రకాతులో రుకూ తరువాత ఇమాం చేతులెత్తి ఖునూత్ దుఆ చేస్తారు. తొలిరోజు మా పిల్లలు కలవరపడ్డారు. ఇమాం షాఫయీ అయినప్పుడు హనఫీ అనుచరుడు ఆ దుఆ సమయంలో మౌనంగా నిలిచి ఉంటే చాలునని మన ఫిఖహ్ గ్రంథాలు ఎప్పుడో చెప్పాయి. మద్రసా గదిలో సంవత్సరాలుగా బోధిస్తున్న ఆ మస్‌అలా, భుజానికి భుజం ఆనించి నిలిచిన ఆ వరుసలో సజీవంగా కనిపించింది. నలుగురు ఇమాముల భేదాభిప్రాయాలు ఉమ్మతును చీల్చే గోడలు కావని పుస్తకంలో చదవడం ఒక ఎత్తు, ఆ వరుసలో నిలబడి అనుభవించడం మరొక ఎత్తు.

పేదల సీసాలు

కాంపోంగ్ గ్లాం అనే పాత పేటలో, బంగారు రంగు గుమ్మటంతో దూరం నుంచే కనిపించేది సుల్తాన్ మసీదు. 1820లలో సుల్తాన్ హుసేన్ షా కాలంలో ఇక్కడ తొలి మసీదు వెలిసింది. ఈస్టిండియా కంపెనీ మూడు వేల డాలర్లు ఇచ్చింది. శతాబ్దం గడిచేసరికి అది శిథిలం కావడం, జనం పెరగడం వలన కొత్త కట్టడం అవసరమైంది. 1924లో మొదలైన నిర్మాణం 1932 నాటికి పూర్తయింది. నేడు అందులో అయిదు వేల మంది ఒకేసారి నమాజు చేయగలరు.

గుమ్మటాన్ని దూరం నుంచి చూస్తే దాని మొదట్లో నల్లని నగల పట్టీ చుట్టినట్లు ఉంటుంది. దగ్గరికి వెళ్లి తేరిపార చూస్తేనే అవి గాజు సీసాల అడుగులని తెలుస్తుంది. మసీదు నిర్మాణానికి సంపన్నులు ధనం ఇచ్చారు. ఇవ్వడానికి ధనం లేని పేద ముస్లిముల నుంచి సీసాలు సేకరించారు. ఆ సీసాలను పారవేయలేదు, గోడల లోపల దాచివేయలేదు. మసీదులో అన్నిటికంటే ఎత్తైన చోట, గుమ్మటం మొదట్లో, వరుసలుగా పొదిగారు.

దానధర్మాల గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాము, మేమూ చేశాము. ఈ సీసాలు చెప్పినంత సూటిగా ఏ ప్రసంగమూ చెప్పలేదనిపించింది. ఖర్జూరంలో సగం ముక్కనైనా దానమిచ్చి నరకాగ్ని నుంచి కాపాడుకోమని దైవప్రవక్త (స) బోధించారు. సగం ఖర్జూరం ఇచ్చినవాడికి కూడా సంఘంలో స్థానం కల్పించడం సంఘ పెద్దల బాధ్యత. మన మసీదులలో పెద్ద మొత్తాలిచ్చినవారి పేర్లు చలువరాతిపై చెక్కిస్తాము. పది రూపాయలిచ్చిన కూలివాడి పేరు రసీదు పుస్తకంతోనే పోతుంది.

ఈ మసీదు చరిత్రలో మరొక విశేషం ఉన్నది. 1914లో స్థలం కౌలును 999 సంవత్సరాలకు పొడిగించినప్పుడు కొత్త ధర్మకర్తల మండలి ఏర్పడింది. మలయ్, జావా, బుగిస్, అరబ్, తమిళ, ఉత్తర భారత ముస్లిములు ఆరు వర్గాలవారు. ప్రతి వర్గం నుంచి ఇద్దరు చొప్పున పన్నెండుగురిని అందులో నియమించారు. ఎవరి సంఖ్య ఎక్కువ, ఎవరి ధనం ఎక్కువ అన్న లెక్క వేయలేదు. మానవులను జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం గుర్తించుకోవడానికేనని అల్ హుజురాత్ సూరా బోధిస్తున్నది. ఆ బోధను ఒక కమిటీ నిబంధనగా ఎలా మలచవచ్చో ఇక్కడ చూడవచ్చు.

నమాజు వేళలు కాని సమయంలో ఈ మసీదుకు అన్ని మతాలవారూ వస్తారు. పొట్టి దుస్తులలో వచ్చినవారికి ద్వారం వద్ద పొడవాటి అంగీలు ఇస్తారు. ఎవరినీ కసరరు. స్వచ్ఛంద సేవకులు చిరునవ్వుతో వారి సందేహాలు తీరుస్తారు. మేము ఉన్న అరగంటలోనే ఒక వృద్ధ సేవకుడు వుజూ అంటే ఏమిటో ఒక విదేశీ దంపతులకు చేతులతో చూపించి మరీ వివరించారు. ఇస్లాం పరిచయానికి ఇంతకంటే మంచి మార్గం ఏమున్నది?

ఇల్లు కాలిన చోట మసీదు

అక్కడికి కొద్ది దూరంలో, బీచ్ రోడ్డు పక్కన హాజ్జా ఫాతిమా మసీదు ఉన్నది. దీని మీనారు ఒక పక్కకు స్పష్టంగా ఒరిగి కనిపిస్తుంది. పిల్లలు ఆ ఒరిగిన మీనారునే చూస్తూ నిలిచిపోయారు. మమ్మల్ని నిలిపివేసింది మాత్రం ఆ మసీదు పేరు.

హాజ్జా ఫాతిమా మలక్కా నగరానికి చెందిన సంపన్న మహిళ. సులవేసి ప్రాంతపు బుగిస్ రాకుమారుణ్ణి వివాహమాడారు. భర్త మరణించాక వ్యాపారాన్ని తానే నడిపారు, ఓడలు తిప్పారు. 1830లలో ఆమె ఇంటిపై దొంగలు రెండుసార్లు పడ్డారు. రెండవసారి ఇంటికి నిప్పు పెట్టారు. ఆమె ప్రాణాలతో బయటపడ్డారు. అంతటి ఆపద తరువాత ఎవరైనా గోడలు మరింత ఎత్తుగా కట్టించుకుంటారు. ఆమె ఆ స్థలాన్ని అల్లాహ్ పేరిట ఇచ్చివేసి, మసీదు నిర్మాణానికి ధనమూ సమకూర్చారు. 1846 నాటికి అది పూర్తయింది. ఆమె, ఆమె కుమార్తె, అల్లుడు సయ్యద్ అహ్మద్ అల్ సగాఫ్ ఆ ఆవరణలోనే సమాధి అయ్యారు.

నూట ఎనభై ఏళ్లుగా అక్కడ జరిగే ప్రతి సజ్దా ఆమె కర్మల పుస్తకంలో చేరుతూనే ఉంటుందని మేము ఆశిస్తున్నాము. మనిషి మరణంతో కర్మలన్నీ ఆగిపోతాయని, నిరంతర దానం, ప్రయోజనకరమైన జ్ఞానం, దుఆ చేసే సత్సంతానం మాత్రమే మిగులుతాయని దైవప్రవక్త (స) తెలిపిన విషయం ఇక్కడ రాతిలో కనిపించింది. ఆమె అల్లుడి వంశం పేరిటనే 1912లో ఏర్పడిన మద్రసా అల్ సగాఫ్, సుల్తాన్ మసీదు సమీపంలో నేటికీ బాలికలకు విద్య నేర్పుతున్నది. ఒక స్త్రీ ఆస్తికి యజమానురాలై ఉండడం, దానిని స్వేచ్ఛగా వక్ఫ్ చేయగలగడం ఇస్లాం ఆమెకు ప్రసాదించిన హక్కు. ఆడబిడ్డకు వారసత్వపు వాటా ఇవ్వడానికే వెనుకాడే ఇళ్లలో హాజ్జా ఫాతిమాలు ఎలా పుడతారు? పాఠకులు ఆలోచించాలి.

ఒకే వీధిలో

సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో జమా చూలియా మసీదు ఉన్నది. కోరమాండల్ తీరం నుంచి వచ్చిన తమిళ ముస్లిం వర్తకులు 1826లో దీనిని స్థాపించారు. అడుగుల దూరంలోనే 1827 నాటి మారియమ్మన్ ఆలయం. ఒక పక్క సందు పేరు మసీదు వీధి, మరొక పక్క సందు పేరు పగోడా వీధి. ఈ రెండూ ఉన్నది చైనీయుల పేటలో! కొంత దూరాన తెలోక్ ఆయర్ వీధిలో చైనా నావికుల థియన్ హాక్ కెంగ్ ఆలయం, నాగూరు దర్గా స్మారకం, అల్ అబ్రార్ మసీదు ఒకే వరుసలో నిలిచాయి. ఒకప్పుడు ఈ వీధి సముద్రపు ఒడ్డు. పడవ దిగినవాడు ప్రాణాలతో చేరినందుకు తన పద్ధతిలో కృతజ్ఞత చెప్పుకునేవాడు. అల్ అబ్రార్ మసీదు 1827లో తాటాకు గుడిసెగా ఆరంభమైంది. తమిళులు దానిని నేటికీ గుడిసె మసీదు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుచుకుంటారు.

ఈ సఖ్యత దానంతట అదే పుట్టినదని భ్రమపడకూడదు. 1964 జూలై 21న, మీలాదున్నబీ ఊరేగింపు రోజున, అక్కడ మలయులకు, చైనీయులకు మధ్య ఘర్షణ చెలరేగి 23 మంది మరణించారు. ఆ ఏడాది సెప్టెంబరులో మళ్లీ రక్తపాతం జరిగింది. ఆ దేశం ఆ తేదీని దాచిపెట్టలేదు. ప్రతి ఏటా జూలై 21నే పాఠశాలలలో జాతుల సామరస్య దినంగా పాటిస్తారు. ప్రభుత్వ గృహసముదాయాలలో ఒకే జాతివారు ఒకచోట గుమికూడకుండా 1989 నుంచి ప్రతి భవనంలో జాతులవారీ పరిమితి విధించారు. మా అల్లుడి అంతస్తులో ఒక పక్క చైనీయ కుటుంబం, మరొక పక్క మలయ్ కుటుంబం. వచ్చీపోయే వేళ పలకరింపులు, పండుగకు మిఠాయిలు. సామరస్యానికి సదుద్దేశం ఒక్కటే చాలదు. దానికి చట్టం, పాఠం, పొరుగు ఈ మూడూ కావాలి. పొరుగువాని హక్కుపై జిబ్రయీల్ (అలై) పదేపదే తాకీదు చేస్తుంటే, పొరుగువాణ్ణి వారసుణ్ణి కూడా చేస్తారేమో అనిపించిందని దైవప్రవక్త (స) చెప్పారు. ఆ పొరుగువాడు ముస్లిమే అయి ఉండాలని ఆయన షరతు పెట్టలేదు.

పళ్లెం మీద నిజాయితీ

భోజనం గురించి మా శ్రీమతికి బయలుదేరక ముందు నుంచే దిగులు. పచ్చళ్లు, రొట్టెలు మూటగట్టుకున్నారు. ఆ మూట చాలావరకు విప్పకుండానే మిగిలిపోయింది. ఇస్లామీయ ధార్మిక మండలి 'మూయిస్' 1978 నుంచి హలాల్ ధ్రువపత్రాలు ఇస్తున్నది. ఆ ముద్రను తప్పుగా వాడడం చట్టరీత్యా నేరం. ప్రజాభోజనశాలలలో తిన్న పళ్లేలను తిరిగి పెట్టే చోట కూడా హలాల్ పళ్లేలకు వేరే అరలు ఉన్నాయి. చైనీయ యువకులు కూడా ఏది ఎక్కడ పెట్టాలో చూసి మరీ పెట్టడం గమనించాము. ఇతరుల ధర్మనిష్ఠను గౌరవించడం చదువులో భాగమైతే ఇలా ఉంటుంది.

మాంసం హలాలేనా అని ఇంత శ్రద్ధగా విచారించే మనం, ఆ మాంసం కొన్న డబ్బు హలాలేనా అని అంతే శ్రద్ధగా విచారించాలి. తూనిక తగ్గించి అమ్మినవాని సొమ్ముతో కొన్న మేక, బిస్మిల్లాహ్ చెప్పి కోసినంత మాత్రాన శుద్ధం కాదు.

నెలకు యాభై సెంట్లు

1960, 70 దశకాలలో సింగపూర్ ప్రభుత్వం పల్లె గుడిసెలను తొలగించి ప్రజలను బహుళ అంతస్తుల భవనాలలోకి తరలించింది. పల్లెలతో పాటు అనేక చిన్న మసీదులూ కనుమరుగయ్యాయి. కొత్త పట్టణాలలో మసీదులు లేవు. స్థలాల వెల ఆకాశంలో ఉన్నది. సంఘం పెద్దలు నిరాశపడి ఊరుకోలేదు. ప్రభుత్వంతో సంప్రదించి 1975లో మసీదు నిర్మాణ నిధిని నెలకొల్పారు. ప్రతి ముస్లిం ఉద్యోగి భవిష్యనిధి ఖాతా ద్వారా నెలకు యాభై సెంట్లు. అంటే అర డాలరు! దానితో 1977లో తోవా పాయో పట్టణంలో మొదటి మసీదు లేచింది. దానికి పెట్టిన పేరు ముహాజిరీన్. ఊళ్లు వదిలి వచ్చినవారి మసీదుకు అంతకంటే తగిన పేరు ఉండదు. ఆ తరువాత ఇరవైకి పైగా మసీదులు ఈ నిధితో వెలిశాయి. ముస్లిం విద్యార్థుల చదువు కోసం 1982లో ఏర్పడిన 'మెందాకి' సంస్థకు కూడా ఈ నిధి నుంచే తోడ్పాటు అందుతున్నది.

మన ప్రాంతంలోనూ ఇటువంటి సంప్రదాయం ఉండేది. మద్రసా కోసం ప్రతి పూటా వంటకు ముందు పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టిన తల్లులను మేము ఎరుగుదుము. ఆ పిడికిళ్లతోనే ఎన్నో మద్రసాలలో పొయ్యి వెలిగింది. అక్కడి అర డాలరుకు, ఇక్కడి పిడికెడు బియ్యానికి ఉద్దేశంలో తేడా లేదు. లెక్కలో, క్రమంలో, కొనసాగింపులో తేడా ఉన్నది.

వక్ఫ్ విషయం కూడా చెప్పుకోవాలి. ఖైబర్‌లో తనకు లభించిన విలువైన భూమిని ఏం చేయమంటారని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, అసలును నిలిపి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. వక్ఫ్‌కు మూలసూత్రం అదే. సింగపూర్ తొలి మసీదును 1820లో నిర్మింపజేసిన అరబ్ వర్తకుడు సయ్యద్ ఉమర్ అల్ జునైద్ మొదలు ఎందరో దాతల ఆస్తులు అక్కడ ఉన్నాయి. వక్ఫ్‌లన్నీ చట్టరీత్యా మూయిస్ అధీనంలో నమోదు కావలసిందే. శిథిలమైన పాత బెంకూలెన్ మసీదు స్థలంలో, వడ్డీ ప్రమేయం లేని ముషారకా సుకూక్ పద్ధతిన నిధులు సేకరించి, కొత్త మసీదుతో పాటు అద్దె వచ్చే నివాస భవనాన్ని నిర్మించారు. అసలు నిలిచింది, ఫలం పెరిగింది.

మన తెలుగు రాష్ట్రాలలో పూర్వికులు వదిలి వెళ్లిన వక్ఫ్ భూములకు లోటు లేదు. అందులో ఎంత భాగం అన్యాక్రాంతమయిందో పత్రికలు చదివేవారికి చెప్పనక్కరలేదు. పరాయివారి ఆక్రమణల గురించి మాట్లాడేముందు, నామమాత్రపు అద్దెకు వక్ఫ్ దుకాణాన్ని తరతరాలుగా అనుభవిస్తున్న మనవారి గురించి కూడా మాట్లాడాలి. చనిపోయిన దాత తిరిగి వచ్చి అడగడు. అడిగేవాడు అల్లాహ్.

వారికి ఒక గది

సుల్తాన్ మసీదులో పై అంతస్తు స్త్రీలకు కేటాయించారు. మేము చూసిన ప్రతి మసీదులోనూ స్త్రీలకు వేరే ప్రవేశమో, వేరే స్థలమో, వుజూ వసతో ఉన్నది. మూడవ రోజు అసర్ తరువాత బయటికి వచ్చిన మా శ్రీమతి కాసేపు మౌనంగా ఉండి, "ఏమండీ, పోయిన ఏడాది మా అక్కయ్యను ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఆ నగరంలో పక్క వీధిలోనే మసీదు ఉన్నది. మీరంతా వెళ్లి నమాజు చేసి వచ్చారు. నేను మెట్ల కింద దుప్పటి పరచుకుని చేశాను. మాకూ ఒక గది ఉంటే ఏం పోతుంది?" అని అడిగారు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది మా వంటివారమే. స్త్రీకి ఇంటిలోని నమాజు శ్రేష్ఠమని హదీసులు ఉన్నాయి. జమాఅత్ కోసం స్త్రీలు మసీదుకు రావడంపై మన హనఫీ ఫుఖహా తమ కాలపు పరిస్థితులను గమనించి జాగ్రత్తలు చెప్పారు. వాటిని మేము తేలికగా తీసుకోవడం లేదు. అయితే అల్లాహ్ దాసీలను అల్లాహ్ మసీదుల నుంచి ఆపవద్దన్న ప్రవక్త (స) ఆదేశం కూడా మన గ్రంథాలలోనే ఉన్నది. ఇక్కడ చర్చ ఇల్లు శ్రేష్ఠమా, మసీదు శ్రేష్ఠమా అన్నది కాదు. ఇంటికి దూరంగా ఉన్న స్త్రీ గురించి. ప్రయాణంలో ఉన్న తల్లి, ఆసుపత్రిలో రోగికి తోడున్న చెల్లెలు, పరీక్ష రాయడానికి పట్నం వచ్చిన కూతురు, బజారులో నమాజు వేళ మించిపోతున్న గృహిణి. వీరికి ఇల్లు అందుబాటులో లేదు. మసీదులో చోటు లేదు. మూడవది మిగిలింది నమాజు తప్పిపోవడం. ఏ ఫఖీహ్ కూడా మూడవదానిని మొదటి రెండింటికంటే శ్రేష్ఠమని చెప్పలేదు.

కనుక బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆసుపత్రులు, కళాశాలల సమీపంలోని మసీదులైనా, వేరే ద్వారం, వుజూకు చాటు, తెర గల ఒక చిన్న గదిని స్త్రీల కోసం ఏర్పాటు చేయాలని కమిటీ పెద్దలకు మా సవినయ విన్నపం. ఇందుకు లక్షలు అవసరం లేదు. చాలా మసీదులలో చాపలు, పాత పంకాలు పడవేసిన గది ఒకటి ఉంటుంది. అది ఖాళీ చేస్తే చాలు.

మెరుపుల వెనుక

చూసిన మంచిని చెప్పి, మిగిలినదానిని దాచడం న్యాయం కాదు. సింగపూర్‌లో అజాన్ వీధిలోకి వినిపించదు. మసీదు లోపలికే పరిమితం, బయట వినాలంటే రేడియో పెట్టుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో ముస్లిం నర్సులకు విధి నిర్వహణలో తలపై వస్త్రం ధరించే అనుమతి 2021 నవంబరులో గాని రాలేదు. అంతకు నాలుగేళ్ల ముందే హిజాబ్ ధరించిన హలీమా యాకూబ్ ఆ దేశాధ్యక్షురాలయ్యారు! తండ్రి కాపలాదారు. ఎనిమిదేళ్ల వయసులో ఆయనను కోల్పోయి, తోపుడు బండిపై అన్నం అమ్మే తల్లికి సాయపడుతూ చదువుకున్న బాలిక ఆమె. సహనంతో, వాదనతో, చట్టబద్ధంగా హక్కులను సాధించుకోవడం ఎంత నిదానమైన పనో ఈ రెండు విషయాలను పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

సముద్రతీరాన మూడు గోపురాలపై పడవను నిలిపినట్లున్న భవనాన్ని లోకమంతా ఫొటోలు తీసుకుంటుంది. దాని అడుగున 2010 నుంచి జూదశాల నడుస్తున్నది. విదేశీయులకు ప్రవేశం ఉచితం. స్వదేశీయులు మాత్రం రోజుకు 150 డాలర్లు చెల్లించాలి. సొంత బిడ్డలను దూరం ఉంచడానికి సుంకం విధించారంటే, అది హాని అని వారికీ తెలుసునన్న మాట! మద్యంలోనూ, జూదంలోనూ కొంత లాభమున్నా పాపమే అధికమని ఖుర్ఆన్ చెప్పినదానికి ఆ సుంకమే ఒక సాక్ష్యం.

ఆ మెరుపుల నగరాన్ని కట్టిన చేతులు ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాలో కనిపిస్తాయి. తమిళ, బెంగాలీ కూలీల మధ్య అచ్చమైన తెలుగు కూడా మా చెవిన పడింది. 1975 నుంచే అక్కడ తెలుగు సమాజం ఉన్నది. చదువుకున్న కుటుంబాలు ఉగాది జరుపుకుంటాయి. భవన నిర్మాణ కూలీలకు మాత్రం వారానికి ఒక్కరోజే పండుగ. అబ్దుల్ గఫూర్ మసీదు అరుగు మీద పరిచయమైన ఒక యువకుడు రాయలసీమవాడు. ఏజెంటుకు ఇచ్చిన అప్పు ఇంకా తీరలేదన్నాడు. అమ్మకు ఫోనులో మాత్రం బాగున్నానని చెబుతాడట. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) ఆదేశం ఆ దేశానికే కాదు, అప్పు చేయించి పిల్లలను విదేశాలకు పంపే మన ఊళ్ల ఏజెంట్లకు కూడా వర్తిస్తుంది.

మద్రసా బల్ల దగ్గర

మేము మద్రసా ఉపాధ్యాయులము కనుక ఈ విషయం విడిచిపెట్టలేము. సింగపూర్‌లో పూర్తికాలపు మద్రసాలు ఆరు. అక్కడి పిల్లలు ఖుర్ఆన్, అరబీ, ఫిఖహ్‌లతో పాటు గణితం, విజ్ఞానశాస్త్రం, ఇంగ్లీషు చదివి, ఇతర పిల్లలతో సమానంగా ప్రాథమిక విద్యాంత పరీక్ష రాస్తారు. నిర్బంధ విద్యా చట్టం తెచ్చినప్పుడు మద్రసాల భవితపై పెద్ద ఆందోళన చెలరేగింది. చివరకు నిర్ణీత ప్రమాణాన్ని అందుకోవాలన్న షరతుతో మద్రసాలు నిలిచాయి, వాటిలో చాలావరకు ఆ ప్రమాణాన్ని అందుకున్నాయి కూడా. ఖుర్ఆన్ కంఠస్థం చేయగల మేధ లెక్కలు చేయలేదా? తప్పక చేయగలదు. వారసత్వపు వాటాలను భిన్నాలతో లెక్కించే ఇల్మె ఫరాయిజ్ మన పాఠ్యక్రమంలోనే ఉన్నది కదా!

వెళ్లేవారికి నాలుగు మాటలు

పదిహేను రోజుల కంటే తక్కువ ఉండేవారు హనఫీ మస్లక్ ప్రకారం ముసాఫిర్లే. ఒంటరిగా చేస్తే జుహర్, అసర్, ఇషా రెండు రకాతులు చేయాలి. స్థానిక ఇమాం వెనుక అయితే పూర్తిగా నాలుగు చేయాలి. భోజనశాలలో శాకాహారమని వినగానే నమ్మక, హలాల్ ముద్ర చూసుకోవాలి. వుజూ వద్ద నీటిని పొదుపుగా వాడాలి. వాడిన నీటినే శుద్ధి చేసి తిరిగి వాడుకునే దేశమది. ఒక ముద్ద్ నీటితో, అంటే దోసెడుకు కాస్త అటూ ఇటూ నీటితో, వుజూ చేసిన ప్రవక్త (స) అనుచరులము మనం. చివరిగా, దుకాణాలకు ఒక పూట తగ్గించి, ఆ పూట హాజ్జా ఫాతిమా మసీదులో రెండు రకాతుల నఫిల్ చేసుకోవాలి.

వెళ్లలేనివారికి లోటేమీ లేదు. నెలకు కొద్ది మొత్తం క్రమం తప్పక మసీదుకో, మద్రసాకో ఇవ్వడం, ఊరి వక్ఫ్ ఆస్తుల జాబితా తెప్పించి కమిటీలో చదివించడం, స్త్రీలకు ఒక గది తెరిపించడం. ఈ మూడు పనులకు పాస్‌పోర్టు అవసరం లేదు. పేదవాని సీసాను గుమ్మటానికి అలంకారం చేసిన అల్లాహ్, మన చిన్న ప్రయత్నాలను కూడా స్వీకరించుగాక. ఆమీన్.